మొదటి పేజీ మీద స్తోత్రం

మా ఇంట్లో కాగితం మీద ఏం రాయాలన్నా ముందు పైన చిన్న సిలువ గుర్తు వేయాలి. దాని పక్కన 'స్తోత్రం' అని రాయాలి. ఆ తర్వాతే సరుకుల చీటీ అయినా, మా పాప రూతు హోంవర్క్ అయినా. ఇది మా అత్తమ్మ దెబోరా పెట్టిన పద్ధతి. ఆమెకు చదువు రాదు. చిన్నప్పుడు మిషన్ వాళ్ళ రాత్రిబడిలో కొన్నాళ్ళు కూర్చుని నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. బడి ఆగిపోయింది, మాట మిగిలింది. వడ్ల బస్తాల మీద బొగ్గుతో, కొత్త కుండ మీద సున్నంతో రాసేది. మా వాకిలి పక్క గోడ మీద నీలం రంగుతో ఆమె రాసిన 'స్తోత్రం' సుల్తానాబాద్ నుంచి మా ఊరికొచ్చే ఆటోల వాళ్ళందరికీ గుర్తే. "స్తోత్రం ఇంటికాడ ఆపు" అంటే చాలు, మా ముందే దించేవాళ్ళు. నేను కోడలిగా వచ్చిన రోజు నా ట్రంకు పెట్టె మూత లోపల కూడా రాసింది. ఏళ్ళు గడిచేసరికి నా చేతికీ అది పట్టుకుంది. పెన్ను పడితే చాలు, నన్ను అడక్కుండానే చేయి సిలువ గీసేది.

మొన్నటి ఎండాకాలంలో నేను పదో తరగతి పరీక్ష రాశాను.

అసలు రాయవలసిన ఏడాది నాకు పెళ్ళి చేశారు. రూతు బడికి పోవడం మొదలయ్యాక ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నాను. మా చర్చికి వచ్చే రెబెకా అక్క కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో పనిచేస్తుంది. పది పాసైన మెమో చూపిస్తే నర్సు పని నేర్పి అక్కడే పెట్టుకుంటారని ఆమే చెప్పింది. "మెమో ఒక్కటి తే హెప్సీ, మిగిలింది నేను మాట్లాడుత" అంది. ఆ మెమో రాకపోతే నాకున్నది వడ్ల కల్లమే. ఎండలో ఒడ్లు తిరగేసి, తూర్పారపట్టి, దుమ్ముకు దగ్గుకుంటూ ఇంటికి రావడమే.

మా ఆయన సాల్మన్ వరికోత మిషన్ నడుపుతాడు. యాసంగి కోతలకని ఆ నెల నిర్మల్ దిక్కు పోయాడు. పోయే ముందు కనబడ్డ వాళ్ళందరికీ చెప్పాడు, మా ఆమె పది రాస్తుందని. ఆ చెప్పడానికే నాకు భయం వేసింది.

మొదటి రోజు తెలుగు పరీక్ష. కరీంనగర్‌లో సెంటర్. గేటు దగ్గర మహిళా కానిస్టేబుల్ చేయి అడ్డం పెట్టింది.

"తల్లిదండ్రులు గా చెట్టు కింద కూసోవాలె అక్కా. లోపటికి రావద్దు."

"నేనే రాస్తున్న మేడం" అని హాల్ టికెట్ చూపించాను.

ఫొటోను చూసింది, నన్ను చూసింది. నవ్వు ఆపుకుని, "ఏమనుకోకు అక్కా. చేతులు చూపియ్యి" అంది. అరచేతుల మీద ఏమైనా రాసుకున్నామేమోనని అందరివీ తిప్పి చూస్తోంది. నావీ చూసి పంపింది. ఓపెన్ స్కూల్ అంటే నాలాంటి వాళ్ళు చాలామంది ఉంటారనుకున్నాను. ఉన్నారు కూడా, కానీ నాకు పడ్డ గదిలో అందరూ మీసాలు మొలుస్తున్న పిల్లలు, జడలకు రబ్బరు బ్యాండ్లు వేసుకున్న పిల్లలు. చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే. బెంచీ ఇరుకై కూర్చుంటే మోకాళ్ళు తగిలాయి. వెనక బెంచీ అమ్మాయి నా వీపు తట్టి "గట్లనే జర వంగి కూసో అక్కా, బోర్డు కనవడ్తలేదు" అంది.

ఆన్సర్ బుక్కులు పంచారు. కొత్త కాగితం వాసన. ఎన్నేళ్ళయిందో ఆ వాసన చూసి. ప్రశ్నపత్రం ఇంకా రాలేదు. నేను అట్ట తిప్పి, మొదటి పేజీ పైన సిలువ గీసి, 'స్తోత్రం' అని గుండ్రంగా రాసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఇన్విజిలేటర్ సారు చదువుతున్నాడు. "బార్‌కోడ్ కాగితం మడవద్దు. ఆన్సర్ బుక్ మీద పేరు, హాల్ టికెట్ నంబరు, సంతకం ఏదీ ఉండొద్దు. దేవుళ్ళ పేర్లు, గుర్తులు అసలే ఉండొద్దు. ఓం గానీ, శ్రీ గానీ, సిలువ గానీ. ఉంటే మాల్ ప్రాక్టీస్ కింద రాస్తరు. గివన్నీ మీకు బడిలనే చెప్పి ఉంటరు."

నాకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పే వయసుకు నేను బడిలో లేను.

"ఎవలన్నా రాసిన్రా? రాస్తే గిప్పుడే చెప్పున్రి, వేరే బుక్ ఇస్త."

చేయి ఎత్తితే అయిపోయేది. ముందు బెంచీ పిల్లవాడు కిసుక్కున నవ్వాడు, దేనికో నాకు తెలియదు. సారు నా వైపు చూశాడు. చీర వల్ల కాబోలు, ప్రత్యేకంగా అడిగాడు. "ఏమమ్మా, మీకు సమజైందా?"

గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

"అయింది సార్" అన్నాను.

ఆయన ప్రశ్నపత్రాలు పంచడానికి అటు తిరగగానే వేలు నోట్లో పెట్టి తడి చేసుకుని ఆ మాట మీద రుద్దాను. ఇంకు పోలేదు. పాకింది. ఇంకోసారి తడి చేసి రుద్దాను. కాగితం నూగు లేచి, సిలువ ఉన్నచోట నీలం మరక అయింది. దగ్గరగా చూస్తే 'స్తోత్రం' ఇంకా కనబడుతూనే ఉంది. సారు సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఎడమ చేయి దాని మీద పెట్టుకున్నాను. ఆయన సంతకం చేసి ముందుకు పోయాడు. ఆ పేజీ తిప్పేదాకా ఆ చేయి అక్కడి నుంచి తీయలేదు. ఏం రాశానో నాకు గుర్తు లేదు. పద్యానికి భావం రాశానని మాత్రం తెలుసు.

బయటికి వచ్చాక వెనక బెంచీ అమ్మాయి బస్టాండు దాకా నాతో నడిచింది. పేరు భవ్యశ్రీ. వాళ్ళ నాన్న సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. పోయినసారి తప్పి, ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి మళ్ళీ రాస్తోంది.

"గా రూల్స్ చదువుతుంటే నాకు నవ్వచ్చింది అక్కా. పోయినసారి లెక్కల పేపర్ మీద 'దేవుడా నువ్వే దిక్కు' అని రాసిన."

నడుస్తున్నదాన్ని ఆగాను. "మరి ఏమైంది?"

"తప్పిన."

"గది రాసినందుకా?"

"గది రాసినందుకో, లెక్కలు రానందుకో. ఎవలు చెప్తరు?" అని పకపకా నవ్వింది.

కాస్త దూరం నడిచాక, ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. "మా గదిల ఒకామె రాసి, మళ్ల తుడిచేసిందట."

"తుడిచిందా! అయ్యో, గది ఇంకా పెద్ద కేసక్కా. పేపర్ దిద్దేటోళ్ళకు సైగ చేసిందనుకుంటరు. రెండేండ్లు రాయనియ్యరంట." నా ముఖం చూసి, "నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్? ఆమె ఖర్మ, ఆమె చూసుకుంటది" అంది.

నేను సుల్తానాబాద్ బస్సు ఎక్కాను.

ఇంటికి పోయేసరికి అత్తమ్మ మజ్జిగ గిలాస పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. గిలాస నా చేతికిచ్చి అడిగింది. "మీద రాసినవా బిడ్డా?"

"రాసిన అత్తమ్మా."

ఆ ఒక్క రోజు ఆ మాట నిజం. తుడిచిన సంగతి చెప్పలేదు. ఎట్లా చెప్పను? దేవుని పేరును ఎంగిలి వేలితో రుద్దానని. అదీ ఆమె నేర్చుకున్న ఒకే ఒక్క మాటను.

తర్వాతి పరీక్షకు పెన్ను పట్టగానే చేయి పైకి పోయింది. ఎడమ చేత్తో దాని మణికట్టు పట్టుకుని ఆపాను. పైన ఖాళీ వదిలి రాయడం మొదలుపెడితే గడపకు దండం పెట్టకుండా పరాయి ఇంట్లోకి దూరినట్టే అనిపించింది. ఒకరోజు రూలు తెలియక దేవుణ్ణి రాశాను, ఒకరోజు రూలు తెలిసి దేవుణ్ణి వదిలేశాను. రెండూ తప్పులాగే ఉన్నాయి.

ఇంటి దగ్గర మళ్ళీ అదే ప్రశ్న. "రాసినవా బిడ్డా?"

"రాసిన."

ఇంగ్లీషు అయిన రోజూ అదే. అబద్ధం ఎంత అలవాటైందంటే ఆమె అడగకముందే "రాసిన అత్తమ్మా" అనేదాన్ని. ఆమె సంతోషంగా తల ఊపి, నా చెప్పులు తీసి నీడకు పెట్టేది. నా చెప్పులు! అవి ఆమె ముట్టుకుంటుంటే నేలలోకి దిగిపోయినట్టుండేది.

పరీక్ష లేని రోజుల్లో కల్లానికి పోయేదాన్ని. ఒడ్లు తిరగేస్తూ ఆ పేపర్ దిద్దే సారు గురించే ఆలోచించేదాన్ని. ఆయన ఎట్లా ఉంటాడు? మరక చూసి పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడా? పక్క సారుకు చూపిస్తాడా? నీళ్ళు తాగిన తడి చేయి తగిలి మరక పడిందనుకుంటాడా? ఆయనకూ ఒక మంచి అత్త ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. పక్క కుప్ప దగ్గర పనిచేసే చంద్రవ్వ పిలిచినా వినబడేది కాదు.

"ఏందే, పరీక్ష రాసినకాంచి చెవుడు కూడ వచ్చిందా?" అనేది ఆమె.

సాల్మన్ ఫోన్ చేశాడు. వెనక మిషన్ చప్పుడు. "ఎట్ల రాస్తున్నవ్?"

"మంచిగనే."

"మా సేటు కూడ అడుగుతుండు. పాసైతే దావత్ ఇయ్యాలంట."

"సిగ్నల్ లేదు" అని పెట్టేశాను.

లెక్కల పరీక్ష సోమవారం. దానికి ముందు ఆదివారం వచ్చింది. చర్చిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయే తప్ప గాలి రావడం లేదు. పాట అయిపోయాక పాస్టర్ గారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. ఆడవాళ్ళ చాపల మీద నుంచి అత్తమ్మ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను. ఆమె నా చేయి విడిపించుకుంది.

"నా కోడలు పది రాస్తుంది" అని మొదలుపెట్టింది. ఆమెది పెద్ద గొంతు, మైకు అక్కర్లేదు. "అందరు నంబర్లు రాస్తరు, పేర్లు రాస్తరు. నా కోడలు రాసిన ప్రతి పేపర్ మీద ముందుగాల దేవుని పేరే రాసింది. రోజు నాకు చెప్పింది. నాకు సదువు లేదు, నేను ఒక్క ముక్క నేర్చుకున్న. గా ఒక్క ముక్క నా కోడలు చేతిల పడి పది పరీక్ష దాక పోయింది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అంది సంఘమంతా.

నేను ముసుగు ముక్కు దాకా లాక్కున్నాను. రూతు నా ఒళ్ళో కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర కరుణాకర్ సారు అత్తమ్మను ఆపాడు. ఆయన మా సంఘానికి సెక్రటరీ, హైస్కూల్లో మాస్టారు. చెడ్డవాడు కాదు. కానీ ఏది చెప్పినా నలుగురికీ వినబడేట్టు చెప్తాడు.

"దెబోరమ్మా, కోడలు అన్నిట్ల రాసిందా? సిలువ, స్తోత్రం?"

"అన్నిట్ల సారూ."

"అయ్యయ్యో. గట్ల రాయొద్దమ్మా. గది మాల్ ప్రాక్టీస్."

"గదేంది సారూ?"

"కాపీ కొట్టినట్టు లెక్క. పేపర్లు పక్కకు పెడ్తరు."

అత్తమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "దేవుని పేరు రాస్తే కాపీ కొట్టినట్టా?"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వారు. సారు నవ్వలేదు. "రూల్ గట్లుందమ్మా. నేనేం జెయ్య" అని చెప్పులు వేసుకుని పోయాడు.

నేను అక్కడే నోరు తెరవవచ్చు. అన్నిట్లో రాయలేదని చెప్పవచ్చు. చెప్తే ఇందాక అంతమంది ముందు ఆమె చెప్పిన సాక్ష్యం అబద్ధం అవుతుంది. చెప్పకపోతే నా చదువు ఆమె చెడగొట్టినట్టవుతుంది. నేను రూతు చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

దారిలో ఆమె ఎప్పుడూ రూతు చేయి పట్టుకుని నడిచేది, ఆ రోజు ముందు ముందు పోయింది. ఎండ మాడిపోతోంది. కొంగు తల మీద వేసుకోవడం కూడా మరిచింది.

ఇంటికి చేరి రూతుకు నీళ్ళు తాగించి బయటికి వచ్చేసరికి ఆమె బకెట్లో గుడ్డ ముంచి వాకిలి పక్క గోడ తుడుస్తోంది. గట్టిగా, గిన్నె మాడు వదిలించినట్టు. పాత నీలం రంగు. నీళ్ళకు కరిగి ఆమె మోచేతుల మీదుగా కారుతోంది.

"అత్తమ్మా, ఏం జేస్తున్నవ్?"

"నా సేతులు ఇరగ. నాకు రాదంటే రాదని ఊకోక, నీ సేత రాయించిన. నీ సదువు మీద నేనే మన్ను వోసిన."

"తుడువకు."

ఆమె ఆగలేదు. నేను వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాను, పరీక్షలో నా చేయి నేను పట్టుకున్నట్టే.

"అన్నిట్ల రాయలే అత్తమ్మా. ఒక్క తెలుగు పేపర్లనే రాసిన. గది గూడ సారు చెప్పంగనే తుడిచిన."

గుడ్డ ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళు కింద పడుతున్నాయి.

"మిగిలినవాట్ల?"

"రాయలే."

"రోజు రాసిన అన్నవు గద."

నేను ఆమె మణికట్టు వదిలాను.

"దేంతోని తుడిచినవ్?"

"ఎంగిలితోని."

చెప్పేశాక ఇంకేమీ మిగల్లేదు. తిట్టినా బాగుండేది. ఆమె గుడ్డ పిండింది. తర్వాత మామూలు గొంతుతో అంది. "సిలువ ఏసే ముందు ఆయన మొఖం మీదనే ఊంచిండ్రు బిడ్డా. నీ ఎంగిలి ఆయనకు కొత్తది కాదు."

నాకు ఏడుపు వచ్చింది.

"ఆయన సంగతి ఆయన సూసుకుంటడు" అంది. "నాకెందుకు చెప్పకపోతివి? దీనికి సదువు రాదు, దీనికేం సమజైతదని అనుకున్నవా?"

కాదు అనబోయాను. కానీ సరిగ్గా అదే అనుకున్నాను. గేటు దగ్గర కానిస్టేబుల్ నన్ను చూసినట్టే, ఇన్విజిలేటర్ సారు నన్ను అడిగినట్టే, నేను ఆమెను చూశాను.

ఆమె గుడ్డ బకెట్లో పడేసి లోపలికి పోయింది. గోడ మీద మాట సగం పోయి సగం మిగిలింది. ఆ సాయంత్రం అన్నం వడ్డించింది, కూర వేసింది. రేపటి పరీక్ష సంగతి అడగలేదు. ఆమె అడిగే ప్రశ్న ఎంత బరువో, అది లేకపోయేసరికి తెలిసింది.

పొద్దున నేను తయారై వచ్చేసరికి ఆమె కొత్త చీర కట్టుకుని, రూతుకు తల దువ్వి, గడపలో కూర్చుని ఉంది.

"యాడికి అత్తమ్మా?"

"నీ ఎంబడి. ఒక్కదానివి పోతే ఇంకేం జేస్తవో."

కోపంగానే అంది. బస్సులో నా పక్కన కూర్చోలేదు. కరీంనగర్‌లో దిగాక సెంటర్ దాకా నా వెనకే నడిచింది. గేటు ఎదుట చెట్టు కింద తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. భవ్యశ్రీ కనబడి చేయి ఊపింది. అత్తమ్మ చెట్టు కింది వాళ్ళ మధ్యకు పోయి, నన్ను రమ్మని సైగ చేసింది.

"సెయ్యి ఇటు తే."

కుడిచేయి చాపాను. ఆమె నా వేళ్ళు విప్పి, చూపుడు వేలితో అరచేతిలో గీయడం మొదలుపెట్టింది. ముందు సిలువ. తర్వాత మెల్లగా, గోడ మీద రాసినంత జాగ్రత్తగా, ఒక్కో అక్షరం. ఒడ్లు తిరగేసి మొరటుబారిన వేలు అది. గరుకుగా తగిలింది.

రూతు మధ్యలో తల దూర్చింది. "బాపమ్మా, కనవడ్తలేదు. మమ్మీ పెన్నుతోని రాయి."

"వద్దు బిడ్డా. పెన్నుతోని రాస్తే పట్టుకుంటరు."

పక్కనున్న ఎవరో తండ్రి నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది, నిన్నటి నుంచి మొదటిసారి. నా వేళ్ళు ఆమే ముడిచి, "ఇగ పో" అంది.

తెలుగులో నేను పాసయ్యానని తెలిసింది వానలు మొదలయ్యే ముందు. పేపర్ దిద్దిన సారు ఆ మరకను చూశాడో, చూసి ఊరుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ సోమవారం అయితే నాకేమీ తెలియదు. ఒక పేపర్ పోయిందనే అనుకుని, రెండేళ్ళు కల్లంలోనే అనుకుని గేటు దాకా నడిచాను.

అదే కానిస్టేబుల్. నన్ను గుర్తు పట్టింది. "వచ్చినవా అక్కా? చేతులు."

రెండు అరచేతులూ చాపాను. ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. కుడిచేతిని కొంచెం ఎక్కువసేపే చూసినట్టనిపించింది.

"ఏం లేదు. పో."

కుడిచేయి మూసుకుని లోపలికి పోయాను.